వాటర్‌షెడ్ పని ఫలించిందా? ఊరే తేల్చుకునేలా మూల్యాంకనం చేసే పద్ధతి

వాన నీరంతా ఒకే వాగులోకి చేరే ప్రాంతాన్ని వాటర్‌షెడ్ అంటారు. అక్కడ పారే నీటిని ఆపి నేలలోకి ఇంకించే పథకం ముగిశాక వచ్చే నివేదికలు దాదాపు అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఇన్ని చెక్‌డ్యాములు, ఇన్ని ఊట కుంటలు, ఇన్ని మీటర్ల కందకాలు, నీటిమట్టం ఇంత పైకి వచ్చింది. ఆ అంకెల్లో అబద్ధం ఉండకపోవచ్చు. అయినా నాలుగేళ్ల తర్వాత అదే ఊరికి వెళ్తే బోర్లు ఎండి, ట్యాంకరు కోసం బిందెలు వరసకట్టి కనబడతాయి. పైకొచ్చిన నీళ్లు ఎటు పోయాయి, ఎవరు తోడారు, తోడక తప్పని పరిస్థితి వాళ్లకు ఎందుకొచ్చింది అన్న ప్రశ్నల దాకా మూల్యాంకనం వెళ్లలేదు. వాటికి జవాబు తెలిసిన మనుషులను కూర్చోబెట్టి మాట్లాడించనూ లేదు.

ఆ రెండు లోట్లనూ పూడ్చే పద్ధతి ఇది. ఒకటి, ఊరివాళ్ల చేతే పటాలు గీయించి, కొలతలు తీయించి, తీర్పు చెప్పించడం. రెండు, పథకాన్ని ఒంటరిగా కాకుండా కరెంటు, అప్పు, పంట, వాన, పక్క ఊరి చెరువు అన్నీ కలిసిన అల్లికలో భాగంగా చూడటం. రాయలసీమ, దక్షిణ తెలంగాణల్లోని గ్రానైట్ నేలల్లో, సుమారు 500 హెక్టార్ల వాటర్‌షెడ్‌ను దృష్టిలో పెట్టుకుని రాశాం. నలుగురు మనుషులు, పన్నెండు రోజులు కావాలి. బృందంలో కనీసం ఇద్దరు మహిళలు ఉండకపోతే సగం సమాచారం రాదు.

ఊళ్లో అడుగుపెట్టక ముందు

పని అప్పగించిన సంస్థతో మూడు మాటలు కాగితం మీద రాయించుకోవాలి. ఈ మూల్యాంకనం చూసి ఏ నిర్ణయం తీసుకుంటారు? గీసిన పటాలు, కొలతల ప్రతి ఊరికే చెందుతుందా? నివేదిక పై అధికారులకు వెళ్లే ముందు ఊళ్లో చదివి వినిపించే హక్కు ఉందా? మూడోదానికి ఒప్పుకోకపోతే ఊరివాళ్లను కూలీ లేని సర్వేయర్లుగా వాడుకుంటున్నట్టే. అలాంటి పని తీసుకోకపోవడం మంచిది.

తర్వాత హద్దు గీయాలి. ఈ పని మొత్తంలో ఎక్కువ ఆలోచించాల్సిన చోటు ఇదే. వాటర్‌షెడ్ హద్దు వాన నీరు పారే తీరును బట్టి ఉంటుంది, పంచాయతీ హద్దు రెవెన్యూ రికార్డును బట్టి. రెండూ కలవవు. వీటికి తోడు మూడో హద్దు ఉంది: ఈ పథకం వల్ల ఎవరి బతుకు మారింది అన్నది. పై వాగుల్లో చెక్‌డ్యాములు కడితే కింది ఊరి చెరువుకు వచ్చే నీరు తగ్గవచ్చు. అప్పుడు ఇక్కడి లాభంలో కొంత అక్కడి ఆయకట్టు రైతు జేబులోంచి పోయినదే. అందుకే దిగువ చెరువు కింద రైతులను, భూమి లేని కూలీలను, గొర్రెల కాపరులను, కౌలు రైతులను మొదటి రోజే జాబితాలో రాసుకోవాలి. కందకాలు తవ్వాక కొండవాలు మేతకు మూసేస్తే కాపరికి జరిగిన నష్టం ఏ నీటిమట్టం లెక్కలోనూ కనబడదు. ఎవరిని వదిలేస్తున్నారో, ఎందుకు వదిలేస్తున్నారో నివేదిక మొదటి పేజీలోనే రాయండి.

ఈలోగా సేకరించాల్సిన కాగితాలు: మండల వర్షపాత రికార్డు కనీసం 15 ఏళ్లది, దగ్గరి పీజోమీటరుకు (భూగర్భ నీటిమట్టం చూసే కొలత బావికి) భూగర్భజల శాఖ తీసిన రీడింగులు, ఏడాదివారీగా ఇచ్చిన వ్యవసాయ కరెంటు కనెక్షన్ల లెక్క, పథకం పనుల జాబితా. కనెక్షన్ల లెక్క ఆఫీసులో దొరకకపోతే లైన్‌మన్ దగ్గర ఉంటుంది, చాలాసార్లు అదే నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఎప్పుడు, ఎక్కడ కూర్చోవాలి

వేరుశనగ పీకే రోజుల్లో, నాట్ల రోజుల్లో వెళ్లవద్దు. సంక్రాంతి దాటాక వెళ్తే మనుషులు దొరుకుతారు. ఖరీఫ్ జ్ఞాపకం పచ్చిగా ఉంటుంది, రబీ పంట కళ్ల ముందే ఉంటుంది. సమావేశం రాత్రి ఏడు తర్వాత. ఆడవాళ్లతో అయితే మధ్యాహ్నం వంట, పశువుల పని అయిన వేళ ఎప్పుడో వాళ్లనే అడిగి పెట్టుకోవాలి.

రచ్చబండ దగ్గర పెడితే అందరూ వస్తారని కొత్తవాళ్లు అనుకుంటారు. అందరూ వస్తారు, కొందరే కూర్చుంటారు, మిగతావాళ్లు దూరంగా నిలబడతారు. మొదటి సమావేశాలు విడివిడిగా జరపాలి: ఎస్సీ కాలనీలో ఒకటి, బోరున్న రైతులతో ఒకటి, బోరు లేని మెట్ట రైతులతో ఒకటి, మహిళలతో ఒకటి. 12 నుంచి 18 మంది సరిపోతారు. పాతిక దాటితే ఇద్దరే మాట్లాడతారు. అందరినీ కలిపేది చివర్లో, బడి ఆవరణలో.

బృందంలో ఒకరు మాట్లాడించాలి, ఒకరు రాయాలి, మూడోవారు మాట్లాడనివాళ్లను గమనించాలి. మాట్లాడించేవారికి నియమం ఒక్కటే: ముగ్గు గానీ సుద్దముక్క గానీ తమ చేతిలోకి తీసుకోకూడదు. తీసుకున్న క్షణం నుంచి అది బయటివాళ్ల పటం అయిపోతుంది.

మొదటి సమావేశంలోనే ఒక ప్రశ్న తేల్చాలి. "ఈ పని బాగా జరిగింది అనాలంటే మీ ఊళ్లో ఏం కనబడాలి?" వచ్చిన జవాబులను మూడు మెట్లుగా రాయించండి: బాగుంది, పర్వాలేదు, లాభం లేదు. "ఏప్రిల్ దాకా తాగునీటి బోరు ఆగకూడదు", "కూలికి వలస పోయే నెలలు తగ్గాలి" లాంటివి వస్తాయి. ఈ కొలమానం ముందే రాసుకోకపోతే చివరి రోజు ఎవరికి తోచిన తీర్పు వాళ్లు చెబుతారు.

నేల మీద పటం

కళ్లాపి చల్లిన నేల పది పన్నెండు అడుగుల చదరం కావాలి. ముగ్గుపిండితో వాగు, కొండ, రోడ్డు, చెరువు ముందు గీయిస్తే మిగతావి వాటి ఆధారంగా సర్దుకుంటాయి. తర్వాత పథకం పనులకు ఇటుక ముక్కలు, నీళ్లున్న బోర్లకు తెల్ల గులకరాళ్లు, ఎండిన బోర్లకు బొగ్గు ముక్కలు.

బొగ్గు ముక్కలు తక్కువగా పడితే నమ్మవద్దు. ఎండిన బోరు అంటే అప్పు, అప్పు అంటే నలుగురిలో చిన్నతనం. "మీకు ఎన్ని బోర్లు ఫెయిలయ్యాయి?" అని అడిగితే సున్నా అంటారు. "అన్నా, ఈ చేలో మొత్తం ఎన్ని పాయింట్లు వేసినారు?" అని అడిగితే లెక్క బయటికొస్తుంది, ఎందుకంటే బోరు పాయింటు చూపించడం, బోరు లారీ పిలిపించడం ప్రయత్నం కిందికి వస్తాయి, ఓటమి కిందికి రావు. ప్రతి రాయి పక్కన వేసిన సంవత్సరం, లోతు చీటీ మీద రాసి పెట్టండి.

పటం పూర్తయ్యాక మిద్దె మీద నుంచి ఫోటో తీయాలి. అదే రాత్రి చార్టు మీదికి ఎక్కించి, ఒక ప్రతి ఊళ్లో వదలాలి. తెల్లారితే కోళ్లు, పిల్లలు పటాన్ని మిగల్చరు. చదువుకున్న కుర్రవాడు ముగ్గుపిండి లాగేసుకుంటే ఫోటోలు తీసే పనో, చీటీలు రాసే పనో అప్పగించి పక్కకు తప్పించండి.

కాలరేఖ: మిగతా కారణాలను బయటపెట్టడానికి

తాడు ఒకటి పరిచి ఏడాదికో ముడి వేయించండి. 2002 కరవు, 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు, 2009 కరవు అందరికీ గుర్తుంటాయి. ఆపై ప్రాంతాన్ని బట్టి మారుతుంది. అనంతపురం వైపు అయితే 2012లో హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం నీళ్లు జీడిపల్లి జలాశయానికి చేరడం, 2020లో ప్రభుత్వమే ఉచితంగా బోర్లు వేసే వైఎస్సార్ జలకళ మొదలవడం, 2021 నవంబరు కుంభవృష్టి. తెలంగాణ అయితే 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు. మోటారుకు ఆటో స్టార్టరు బిగించి ఉంటే కరెంటున్నంతసేపూ నీళ్లు పోతూనే ఉంటాయి కాబట్టి, స్టార్టర్లు ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు తీశారు అన్నదీ ముడి మీద ఉండాలి.

చెక్‌డ్యాము కట్టిన ముడి పక్కన ఇవన్నీ కనబడితే "నీళ్లు పథకం వల్లే పెరిగాయి" అన్న మాట ఎవరూ తేలిగ్గా అనరు. నీటిమట్టాన్ని పోల్చేటప్పుడు పథకానికి ముందు ఏడాదిని, తర్వాతి ఏడాదిని కళ్లు మూసుకుని పోల్చకూడదు. వర్షపాతం దాదాపు సమానంగా ఉన్న రెండేళ్లను ఏరుకోవాలి. వెనకటి ఏడాది కూడా మంచి వాన పడి ఉంటే ఆ నీరు కింద నిలవ ఉంటుంది, దాన్నీ గమనించాలి.

కొలతలు

పాతిక బోర్లు ఎంచుకోండి. సగం నిర్మాణాలకు దగ్గరవి, సగం దూరపువి. వీలైతే పక్క ఊళ్లో, పథకం లేని వాగు మీద ఓ ఐదు. నీటిమట్టం కొలవడానికి మోటారు కనీసం 8 గంటలు ఆగి ఉండాలి. కాబట్టి కరెంటు వచ్చేలోపు, తెల్లవారుజామున వెళ్లాలి. బోరు పై గొట్టం (కేసింగు) మూతకు రంధ్రం లేక టేపు దిగకపోవడం, దిగినా కేబుల్‌కు చుట్టుకోవడం మామూలే. రైతు ఒప్పుకుంటే అరంగుళం పీవీసీ పైపు ఒకటి పక్కన దించి ఉంచితే ఆ తర్వాత ఎవరైనా కొలవగలరు. కొలతలు మే నెలలోనూ, నవంబరులోనూ ఉండాలి. ఒకసారే వెళ్లే బృందానికి ఇది కుదరదు, అందుకే రీడింగుల పని ఊళ్లో ఇద్దరికి నేర్పాలి.

రైతులు నీళ్లను ఇంచుల్లో చెబుతారు: "రెండించుల నీళ్లు పడినాయి." అందరికీ అర్థమయ్యే మాటే గానీ కూడికలకు పనికిరాదు. 200 లీటర్ల డ్రమ్ము, సెల్‌ఫోన్ స్టాప్‌వాచ్ చాలు. మోటారు వేసి అరగంట పోనిచ్చాక కొలవండి. రెండు నిమిషాల్లో డ్రమ్ము నిండితే నిమిషానికి 100 లీటర్లు. ఆన్ చేయగానే కొలిస్తే బోరులో నిలవున్న నీరే వచ్చి అంకె ఉబ్బుతుంది.

ఊరి నీటి జమాఖర్చు

ఇది గుండెకాయ లాంటి మెట్టు. తెలుగు నేలకు కొత్తదీ కాదు. 2000ల దశకంలో ఏడు కరవు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) తోడ్పాటుతో నడిచిన రైతు నిర్వహిత భూగర్భజల ప్రాజెక్టులో రైతులే వాన కొలిచి, బోర్లు కొలిచి, రబీకి ముందు పంటల నీటి బడ్జెట్ వేసుకునేవారు. ఆ లెక్కను మూల్యాంకనంలోకి తెచ్చుకోవాలి.

ఎకరా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 4,047 లీటర్లు. 500 హెక్టార్ల మీద 550 మిల్లీమీటర్లు పడితే 275 కోట్ల లీటర్లు. వాతావరణానికి చివికిన గ్రానైట్ నేలల్లో అందులో కిందికి ఇంకేది సుమారు 8 నుంచి 11 శాతం అని భూగర్భజల అంచనాల్లో లెక్కిస్తారు, మట్టి పాలు ఎక్కువుంటే తక్కువ వైపు. పది శాతం అనుకుంటే 27.5 కోట్ల లీటర్లు. ఇప్పుడు ఖర్చు. బోరు కింద రబీ వరికి 1,200 మిల్లీమీటర్లు వేసుకుంటే ఎకరాకు 48.5 లక్షల లీటర్లు. అంటే ఏడాది మొత్తం ఇంకిన నీరు సుమారు 56 ఎకరాల వరికి సరి. వేరుశనగకు 500 మిల్లీమీటర్లు అనుకుంటే దాదాపు 136 ఎకరాలు. బోర్ల వైపు నుంచి చూసినా అంతే: నిమిషానికి 100 లీటర్లు పోసే బోరు రోజుకు 7 గంటల చొప్పున 120 రోజులు నడిస్తే 50 లక్షల లీటర్లు తోడుతుంది. అలాంటివి 55 ఉంటే జమ హుళక్కి.

వరి మడి నుంచి కొంత నీరు తిరిగి కిందికి దిగుతుంది, చెక్‌డ్యాములు కొంత కలుపుతాయి, తాగునీరు కొంత తీసేస్తుంది. కాబట్టి ఇది లీటరు తేడా రాని లెక్క కాదు, తూకం ఎటు మొగ్గుతోందో చూపించే లెక్క. దీన్ని ల్యాప్‌టాప్‌లో వేసి చూపిస్తే ఎవరూ నమ్మరు. ఇంకిన నీటిలో లక్ష లీటర్లకు ఒక చింతగింజ చొప్పున 2,750 గింజలు పోయించాలంటే ఓపిక చాలదు, అందుకే పది లక్షలకు ఒక గింజ పెట్టండి. 275 గింజలు కుప్ప పోసి, ఒక్కో ఎకరా వరికి ఐదేసి గింజలు తీయమనండి. నలభై ఎకరాలు దాటేసరికి కుప్ప తరిగిపోవడం కళ్లకు కనబడుతుంది, పిల్లలు కూడా లెక్కపెడుతుంటారు.

అల్లిక గీయించడం: సుడులు, పగ్గాలు

వ్యవస్థగా చూడటం అనే పెద్ద మాటను ఊళ్లో వాడనక్కర్లేదు. పదిహేను కార్డులు, రెండు రంగుల దారం చాలు. ఒక్కో కార్డు మీద పెరగగల, తగ్గగల సంగతి ఒక్కటే రాయాలి: బోర్ల సంఖ్య, నీటిమట్టం, బోరు లోతు, అప్పు, వరి ఎకరాలు, వలస నెలలు, చెరువుకు వచ్చే నీరు. ఒకటి పెరిగితే రెండోది కూడా పెరిగే చోట ఎర్ర దారం, ఒకటి పెరిగితే రెండోది తగ్గే చోట పచ్చ దారం.

దారాలు కలుపుతూ పోతే కొన్ని చోట్ల మొదలైన చోటికే తిరిగి వస్తాయి. అలా తిరిగొచ్చేటప్పుడు మొదటి మార్పు ఇంకా పెరిగితే దాన్ని సుడి అందాం, తగ్గితే పగ్గం అందాం. పచ్చ దారాలు లెక్కపెట్టినా తేలుతుంది: సరిసంఖ్యలో ఉంటే, అసలు లేకపోయినా, సుడి, బేసిసంఖ్య అయితే పగ్గం.

వాటర్‌షెడ్ ఊళ్లలో తరచూ బయటపడేవి మూడు. మొదటిది పగ్గం: నీటిమట్టం పెరిగితే ధైర్యం వచ్చి కొత్త బోర్లు పడతాయి, బోర్లు పెరిగితే మట్టం పడిపోతుంది. పథకం తెచ్చిన లాభాన్ని తినేసేది ఇదే. రెండోది సుడి: మట్టం పడితే లోతుగా కొత్త బోరు, దానికి అప్పు, అప్పు తీర్చాలంటే నీళ్లు ఎక్కువ తాగినా నాలుగు డబ్బులొచ్చే పంట, ఆ పంటతో మట్టం ఇంకా కిందికి. మూడోది డ్రిప్పు చుట్టూ ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2003లో సూక్ష్మసేద్య పథకం మొదలయ్యాక డ్రిప్పు బాగా విస్తరించింది. ఎకరాకు నీటి వాడకం తగ్గింది నిజమే, మిగిలిన నీటితో రైతు ఇంకో ఎకరా తడిపితే ఊరి మొత్తం వాడకం తగ్గదు. "డ్రిప్పు పెట్టాక మోటారు నడిచే గంటలు తగ్గాయా, తడిసే ఎకరాలు పెరిగాయా?" అని రెండూ అడగాలి.

ఆలస్యం ఉన్న చోట దారానికి ముడి వేయించండి. కొత్త బోరు వేసిన ఏడాదే మట్టం పడిపోదు, మంచి వానలుంటే రెండు మూడేళ్లు పడుతుంది. పథకం ముగిసిన వెంటనే చేసే మూల్యాంకనం ఈ ముడికి ముందే ఆగిపోతుంది కాబట్టే అన్నీ విజయాలుగా కనబడతాయి. వీలైతే మూడేళ్ల తర్వాత మళ్లీ చూడమని పట్టుబట్టాలి.

ఇక్కడ దెబ్బతినే తీర్లు కొన్ని ఉన్నాయి. "చైతన్యం లేకపోవడం", "ఐకమత్యం" లాంటి కార్డులు వస్తే ఒప్పుకోవద్దు. అవి కొలవలేనివి, పైగా తప్పంతా పేదవాడి మీదికి నెట్టడానికి వాడేవి. "అంటే ఏం జరుగుతోంది పెద్దాయనా?" అని రెండు సార్లు అడిగితే అసలు సంగతి కార్డు మీదికొస్తుంది. కార్డులు నలభై అయితే సాలెగూడవుతుంది, ఎవరూ చదవలేరు. అప్పుడు ప్రతి దారం దగ్గరా "ఎవరి చేలో, ఏ ఏడు చూశారు?" అని అడిగి, జవాబు లేని దారాలను తీసేయండి. మహిళలతో విడిగా గీయించిన అల్లికను మగవాళ్లదాని పక్కన పెట్టండి. మగవాళ్లదాంట్లో అప్పు బ్యాంకు దగ్గర ఆగిపోతుంది, ఆడవాళ్లదాంట్లో సంఘం కిస్తీ, తాకట్టు పెట్టిన బంగారం, బడి మానిన పిల్ల దాకా పోతుంది. రెండింటినీ కలిపేసి ఒకటి చేయాలని చూడవద్దు, తేడానే సమాచారం.

పథకానిది ఎంత వాటా?

మనిషికి ఇరవై గింజలు ఇచ్చి, వచ్చిన మార్పుకు కారణాల మధ్య పంచమనండి: వానలు, చెక్‌డ్యాములు, కాలువ నీళ్లు, డ్రిప్పు, పంట మార్పు, వలస వెళ్లిన వాళ్ల పొలాలు బీడు పడటం. ముందు గుంపులవారీగా, పక్కవాళ్లు చూడకుండా. తర్వాత లెక్కలు ఎదురెదురు పెట్టి "మీరు చెక్‌డ్యాముకు పన్నెండు వేశారు, మెట్ట రైతులు మూడే వేశారు, ఎందుకు?" అని అడగండి. గింజల సగటు తీసి నివేదికలో శాతాలుగా రాసేవాళ్లున్నారు. అది చేయకూడదు. గింజలు మాట కదిలించడానికి, తూనికకు కావు. తూకానికి డ్రమ్ము కొలతలు, దగ్గరి బోర్లు–దూరపు బోర్ల తేడా, సమాన వాన ఏళ్ల పోలిక ఉన్నాయి. మూడూ ఒకే వైపు చూపితే గట్టిగా రాయండి. రెండు ఒకవైపు, ఒకటి ఇంకోవైపు ఉంటే అలాగే రాయండి.

నిర్మాణాల దగ్గరి బోర్లు ఎవరివో పటం మీద చూడటం మరిచిపోవద్దు. వాగు పక్క భూములు సాధారణంగా ఉన్నవాళ్లవే. మట్టం సగటున పెరిగినా ఆ పెరుగుదల పది కుటుంబాల చేలలోనే ఉంటే, మొదటి రోజు ఊరు రాసుకున్న కొలమానంలో అది ఏ మెట్టు మీద పడుతుందో గ్రామసభే చెప్పాలి.

తిరిగి చదివి వినిపించడం

పదకొండో రోజు బడిలో, గోడకు చార్టులు అంటించి, ఆఫీసు భాష లేకుండా ఇరవై నిమిషాల్లో చెప్పేయాలి. చదివేది ఊరివాళ్లలో ఇద్దరైతే ఇంకా మంచిది. ఉపాధి హామీ సామాజిక తనిఖీలు 2006 నుంచి చూసిన ఊళ్లు కాబట్టి బహిరంగంగా లెక్క చదవడం జనానికి అలవాటే. దాంతోనే ఒక చిక్కు కూడా ఉంది: ఇదీ అవినీతి విచారణే అనుకుని కమిటీ సభ్యులు బిగుసుకుపోతారు. మొదటి రోజే ఆ తేడా చెప్పి ఉంచాలి. డబ్బు తినేసిన సంగతి బయటపడితే ఈ సభలో తేల్చడానికి కూర్చోకండి, సంబంధిత వ్యవస్థకు విడిగా పంపండి. ఏ రైతు అప్పు ఎంతో పేరుతో గోడ మీద కనబడకూడదు.

ఒప్పుకోని మాటలను "భిన్నాభిప్రాయాలు" శీర్షిక కింద ఎవరి గుంపుదో గుర్తిస్తూ ఉన్నదున్నట్టు రాయాలి. దిగువ చెరువు రైతులను ఈ సభకు పిలవడానికి ఊరు ఇష్టపడకపోవచ్చు. అప్పుడు వాళ్ల ఊరికే వెళ్లి వేరే సభ పెట్టి, రెండింటి నమోదులనూ నివేదికలో పక్కపక్కనే ఉంచండి.

సిఫార్సులు అల్లికలోంచే రావాలి. పగ్గం, సుడి ఎక్కడ తెగుతాయో ఊరినే వేలు పెట్టి చూపించమనండి. "ఇంకో నాలుగు చెక్‌డ్యాములు" అని వస్తే చింతగింజల కుప్ప దగ్గరికి తీసుకెళ్లండి. కొత్త బోర్ల మధ్య దూరానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది గానీ, అది ఊళ్లో అమలయ్యేది పక్క రైతు ఒప్పుకున్నప్పుడే. అందుకే ఉన్న బోర్ల నీళ్లను బోరు లేనివాళ్లతో పైపులైను మీద పంచుకుని, బదులుగా కొత్త బోర్లు వేయకూడదనే ఒప్పందం లాంటివి చట్టం కంటే ఎక్కువ చర్చకు నిలుస్తాయి.

వెళ్లేముందు అప్పగించాల్సినవి: పటం ప్రతి, బోర్ల జాబితా, నీటిమట్టం కొలిచే టేపు, డ్రమ్ము కొలత రాసే రిజిస్టరు, వాన కొలిచే గాజు. రిజిస్టరు సర్పంచ్ ఇంట్లో కాకుండా బడిలోనో సంఘం ఆఫీసులోనో ఉండాలి. రీడింగు తీసే ఇద్దరిలో ఒకరు బోరు లేని ఇంటివారు కావాలి, తేదీలు మే 15, నవంబరు 15 అని అట్ట మీదే రాసి పెట్టండి.